డామన్ పక్కన లేని దీవులు

సముద్రానికి గట్టు వేసి, ఇక్కడిదాకానే రమ్మని దానికి చెప్పిన దేవునికి స్తోత్రం. పెద్ద భూములను చేసిన చేతితోనే పిడికెడు దీవులను కూడా చేసి, మనం మరిచిపోయినా వాటిని మరిచిపోని ప్రభువుకు స్తోత్రం. నా తమ్ముడి మీద, నా మీద, నోరు మూసుకోవడం చేతకాని మా సంఘం మీద ఆయన ఇంకా ఓపిక పడుతున్నాడు. అందుకు మరీ స్తోత్రం. నాకు అంత ఓపిక లేదు.

నేను సూరత్‌లో తెలుగు మాధ్యమం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మగ్గం పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఎన్నో ఏళ్లు భారతదేశం పటం గీయించాను. ఆదివారం బడిలో లేఖనాలు చెప్పేదీ నేనే. పటం తెలిసిన తరాన్ని తయారు చేశానని కొంచెం గర్వం ఉండేది. ఆ గర్వాన్ని ప్రభువు నా సొంత తమ్ముడి చేతనే అణిచాడు.

తమ్ముడు సూరత్‌లోనే, పాండేసరలో మరమగ్గాల షెడ్డులో మాస్టరు. వాడికి ఒక్కతే కూతురు. దగ్గర్లోని కడోదరాలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. ఈ వర్షాకాలం, దీవుల్లోని ఆరోగ్య కేంద్రాలకు నర్సులను పంపే ఒక సంస్థ వాళ్లు ఆమెను రెండేళ్లకు తీసుకున్నారు. ఖాళీలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి అండమాన్ నికోబార్, ఇంకొకటి లక్షద్వీప్. ఏది కావాలో బుధవారం సాయంత్రంలోగా ఫోన్‌లోనే రాసి పంపాలి. ఆ తర్వాత మార్చుకోవడం కుదరదు.

శుక్రవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి తమ్ముడు చొక్కా విప్పి ఫ్యాను కింద కూర్చున్నాడు. మా మరదలు గిన్నెలను చప్పుడు చేస్తూ తోముతోంది. మేనకోడలు గోడకు ఆనుకుని ఫోన్ చూస్తోంది.

"అక్కా, నువ్వన్న చెప్పు. దునియాల దవాఖానలే లేవా? కడోదరాల ఏం తక్కువైంది దీనికి?" అన్నాడు తమ్ముడు.

"పప్పా, రోజ్ వహీ బాత్, రోజూ గదే లొల్లి," అంది పిల్ల తలెత్తకుండానే. "పోవుడైతే పక్కా. ఏడికి పోవాలన్నదే బాకీ ఉంది."

"రెండూ దీవులే గదనే. ఏడికి పోతే ఏంది?"

అదే నాకు ఒళ్లు మండించింది. రెండూ దీవులేనట. బావీ చెరువూ రెండూ నీళ్లే అన్నట్టు. సంచిలోంచి అట్లాసు తీసి చాప మీద పరిచాను. ఆ అట్లాసు ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. సంఘంలో పడుచువాళ్లు దాన్ని చూసి నవ్వుకుంటారని నాకు తెలుసు.

"ఇటు చూడురా. ఇది తూర్పు సముద్రం. పడుగులో ఒక పోగు తెగి తెగి పడ్డట్టు పైనుంచి కిందికి ఉన్నయి చూడు, ఇవి అండమాన్, కింద నికోబార్. సూరత్ నుంచి గోవా దాటేంత పొడుగు. వందల దీవులు. కొండలు, అడవులు. బర్మా కొండలే నీళ్లల్ల మునిగి, మళ్ల తల లేపినయన్నట్టు."

"ఇవేంది మరి?"

"ఇది పడమటి సముద్రం. చీర మీద రాళ్లంటియ్యబోయి చెయ్యి జారి చల్లినట్టు లేవూ? లక్షద్వీప్. పేరుకు లక్ష, ఉన్నయి ముప్పై పైచిలుకు, మనుషులుండేది పదింటిల. అన్నీ కలిపి మన సూరత్‌ల ఒక మూలకు రావు. కొండ లేదు, వాగు లేదు. పగడపు పురుగులు కట్టిన నేల. ఎత్తు ఎంతంటే, నువ్వు నిలబడితే నీ నెత్తి మీద ఇంకొకడు నిలబడేంత కూడా ఉండదు."

మరదలు తోమడం ఆపి వచ్చి కూర్చుంది. "వదినె, మరి అండ్ల సముద్రం వస్తే?" అంది. మాకు తెలిసిన సముద్రం డుమాస్ దగ్గరి బురద సముద్రం. ఆటుపోట్లకు అది ఎంత దూరం వెనక్కి పోతుందో, ఎంత ముందుకు వస్తుందో చూసినవాళ్లం. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. చుట్టూ పగడపు దిబ్బ అడ్డం ఉంటుందని, లోపల నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయని చెప్పాను.

పాఠం మొదలుపెడితే నాకు ఆపడం రాదు. పాలన కూడా చెప్పాను. రెండూ కేంద్రం చేతిలోనివే. రెండింటికీ శాసనసభ లేదు, ఢిల్లీకి ఒక్కొక్క ఎంపీని పంపుతాయి. తేడా ఏమిటంటే అండమాన్‌కు లెఫ్టినెంట్ గవర్నరు ఉంటాడు, మూడు జిల్లాలు, హైకోర్టు కలకత్తాది. లక్షద్వీప్‌కు పరిపాలకుడు ఉంటాడు, అంతా కలిపి ఒకటే జిల్లా, హైకోర్టు కేరళది. ఇక్కడే నా నాలుక జారింది. తమ్ముడిని కాస్త పొడుద్దామని, "ఇంకో మాట ఇన్నవా? నువ్వు ఒకప్పుడు మస్తుగ తిరిగిన డామన్ ఉంది సూడు, దాన్ని ఏలే సాబే ఇప్పుడు లక్షద్వీప్‌ను కూడా ఏలుతుండు," అన్నాను.

గుజరాత్‌లో మందు దొరకదు, పక్కనే ఉన్న డామన్‌లో దొరుకుతుంది కాబట్టి సూరత్ మగవాళ్లలో చాలామందికి డామన్ దారి తెలుసు. రక్షణ పొందక ముందు నా తమ్ముడికి కళ్లు మూసుకున్నా తెలుసు. పొద్దున డామన్ పక్కనున్న వాపికి బండి ఎక్కితే చీకటి పడకముందే తిరిగి వచ్చేవాడు. వచ్చే తీరు గురించి రాయను. దేవుడు దాన్ని క్షమించాడు.

వాడి ముఖం వెలిగింది. "డామన్ సాబా? మరి ముందుగల్ల చెప్పవేంది?" అన్నాడు. ఆ తర్వాత గొడవ చేయలేదు. నా పాఠం పనిచేసిందనుకున్నాను. అట్లాసు మడుచుకుని, మరదలు పెట్టిన అన్నం తిని, తృప్తిగా ఇంటికి వచ్చాను. ఎంత బుద్ధితక్కువదాన్నో!

ఆదివారం. మా సంఘం ఒక కిరాణా దుకాణం పైన గదిలో కూడుతుంది. వాన పడుతోంది. మెట్ల దగ్గర గొడుగులు, చెప్పులు కుప్పపడి ఉన్నాయి. ఆరాధన అయ్యాక తమ్ముడు లేచి కూతురు సంగతి చెప్పి, ప్రార్థన చేయమన్నాడు. ప్రార్థన చేస్తే బాగుండేది. మావాళ్లు ముందు సలహాలు ఇస్తారు. సలహాలు అయిపోయాక, సమయం మిగిలితే ప్రార్థన.

సంఘ పెద్ద ఒక రంగుల మిల్లులో సూపర్‌వైజరు. ఆయన మొదలుపెట్టాడు. "అండమాన్ అంటే కాలాపానీ. ఖైదీలను వేసిన జాగ. ఆడపిల్లను ఆడికి పంపుతరా?"

"ఆ జైలును ఇప్పుడు టికెట్ కొనుక్కొని చూసొస్తరు, అన్నా," అన్నాను.

"ఆడ బాణాలేస్తరట గదా బిడ్డా," అంది వెనక నుంచి పెద్దమ్మ. సంఘంలో అందరికంటే వయసులో పెద్దది. ఇప్పటికీ ఇంట్లో చీరలకు రాళ్లంటిస్తుంది.

"వాళ్లది వేరే దీవి పెద్దమ్మా. ఆడికి ఎవ్వలనూ పోనియ్యరు. మనం వాళ్ల జోలికి పోకుంటే వాళ్లు మన జోలికి రారు."

"మరి గా లక్షద్వీప్‌ల అంతా తురకోళ్లే నట గదా. మందిరం ఉండదట. ఆదివారం ఆరాధన ఎట్ల?" అన్నాడు సంఘ పెద్ద మళ్లీ.

పిల్ల చాప మీద కూర్చుని గోళ్లు చూసుకుంటోంది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. నేను కూడా అడగలేదు. నాకు తెలిసిన భూగోళం చెప్పడంలోనే నేను తీరిక లేకుండా ఉన్నాను.

అప్పుడు తమ్ముడు మా పాస్టరు వైపు తిరిగి చేతులు జోడించి అన్నాడు, "అయ్యగారూ, ఇంతమంది ఇన్ని మాటలెందుకు. చీట్లు వేద్దాం. దేవుడు ఏది చూపిస్తే అది."

చీట్లు వేయడం మా సంఘంలో మామూలే. కొత్త సంవత్సరం ఆరాధనలో లేఖన వాక్యం రాసిన వాగ్దానపు చీటీ ప్రతి ఒక్కరూ తీసుకుంటారు. ఎవరి ఇంట్లో ప్రార్థన కూటం ముందు పెట్టాలో తేలకపోతే చీటీ వేస్తాం. లేఖనాల్లోనూ ఉన్నదే. దేవుని మాట వినకుండా ఓడెక్కి పారిపోయిన ప్రవక్త మీద చీటీ పడిన సంగతి పిల్లలకు నేనే చెబుతాను. అయినా నాకు నచ్చలేదు. కళ్లు ఇచ్చి, పటం ఇచ్చి, ఆలోచించే తలకాయ ఇచ్చినవాడిని మళ్లీ చీటీ కూడా నువ్వే తీసిపెట్టు అనడం నాకు బద్ధకంలా కనిపిస్తుంది. కానీ అయ్యగారు సరే అన్నారు. అయ్యగారు మంచివారు. ఎవరికీ కాదు అని చెప్పలేరు.

తమ్ముడే పిల్ల పక్కన కూర్చుని, పాటల నోటుపుస్తకంలో కాగితం చింపి, రెండు చీటీలు రాశాడు. మడిచి, కానుక సంచిలో వేశాడు. అందరం మోకాళ్ల మీద ఉన్నాం. పెద్దమ్మ సంచిలో చేయి పెట్టి ఒకటి తీసి అయ్యగారికి ఇచ్చింది. ఆమెకు చదువు రాదు. అయ్యగారు విప్పి చదివారు.

"లక్షద్వీప్."

"స్తోత్రం!" అన్నాడు నా తమ్ముడు. అంత గట్టిగా వాడు ఎప్పుడూ స్తోత్రం అనలేదు.

అందరూ వెళ్లిపోయాక చాపలు చుట్టడం, కానుక సంచిని దులిపి ఉతకడానికి తీసుకుపోవడం నా వంతు. సంచి తిరగేస్తే రెండో చీటీ కింద పడింది. పారేద్దామని తీసుకున్నాను. టీచర్లకు పాడు అలవాటు ఒకటుంటుంది, రాత కనిపిస్తే చదవకుండా ఉండలేరు. విప్పాను.

అందులోనూ లక్షద్వీప్ అనే ఉంది.

మెట్ల మీద తమ్ముడు వాన తగ్గడం కోసం ఆగి ఉన్నాడు. మరదలూ పిల్లా అప్పటికే ఆటోలో వెళ్లిపోయారు. చీటీ వాడి ముఖం ముందు పెట్టాను. "ఏందిరా ఇది?"

వాడు అటూ ఇటూ చూశాడు. "జర మెల్లగ మాట్లాడక్కా."

"మోకాళ్ల మీద ఉండి దేవుని పేరు మీద మోసం చేసినవ్. నేను మెల్లగ మాట్లాడాల్నా?"

"మోసమేంది అక్కా. ఎట్లయినా దేవుని ఇష్టమే గదా, నేను జర దారి చూపిన." తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక్కతే పిల్ల. అండమాన్ అయితే ఆడెక్కడో బర్మా కాడ. ఇదయితే దగ్గర. ఆదివారం ఆరాధన అయినంక నేనూ దాని తల్లీ పోయి, సద్ది గిట్ల ఇచ్చి, సోమవారం పాళీకి వచ్చెయ్యొచ్చు."

నాకు అర్థం కాలేదు. "ఏడికి పోయి?"

"డామన్‌కు. ఆడ నుంచి పడవలుంటయి గదా. నువ్వే అంటివి, డామన్ సాబే దాన్ని ఏలుతడని."

ఆ మెట్ల మీదే కూర్చున్నాను. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. తప్పు వాడిదొక్కడిదే కాదు. పొడుద్దామని నేనన్న ఒక్క మాట వాడికి పటమైంది. పాలించేవాడు ఒకడే అయితే ఊళ్లు పక్కపక్కనే ఉంటాయని వాడి లెక్క. మా బతుకులో అది నిజమే మరి. ఒక సేఠ్ షెడ్లు రెండుంటే అవి ఒకే గల్లీలో ఉంటాయి. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు దేశాన్ని ఏలడానికి గల్లీతో పనిలేదని ఈ మగ్గం మాస్టరుకు ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. చెప్పలేదు.

అట్లాసు తీశాను. వాన జల్లు పేజీల మీద పడుతోంది. వాడి వేలు పట్టుకుని డామన్ మీద పెట్టాను. అక్కడి నుంచి కిందికి లాగాను. ముంబై దాటాం. గోవా దాటాం. మంగళూరు దాటాం.

"ఇంకా ఎంత కిందికి?" అన్నాడు.

"ఇంకా. ఇగో, కొచ్చి. ఇక్కడిదాకా నీకు రైలు, ఒక పగలూ ఒక రాత్రీ దాటి. ఇక్కడ ఓడ ఎక్కాలె. ఇంకో పగలో రాత్రో. వానాకాలంల ఓడ సక్కగ నడవదు. అన్నిటికంటే ముందు పర్మిట్ గావాలె. పోలీసు కాగితం గావాలె. దీవిల పుట్టనోడు ఎవ్వడైనా సరే, పర్మిట్ లేంది అడుగు పెట్టరాదు. నువ్వు దాని తండ్రివైనా అంతే."

"మరి అండమాన్‌కు?"

"నికోబార్‌కూ, అడవిజాతులుండే జాగలకూ పోరాదు. మిగతాదానికి ఏ పర్మిట్ లేదు. హైదరాబాద్‌ల, వైజాగ్‌ల ఎక్కడన్న టికెట్ తీసుకొని పోవచ్చు. ఆడ తెలుగోళ్లు మస్తుగున్నరు. తెలుగు సంఘాలున్నయి."

వాడు చాలాసేపు అట్లాసు చూశాడు. నీటిచుక్క ఒకటి సరిగ్గా అరేబియా సముద్రంలో పడి ఉబ్బింది. చివరికి, "అక్కా, ఇంకోసారి చీటీ వేద్దామా?" అన్నాడు.

నాకు వచ్చిన కోపానికి ప్రభువు నన్ను క్షమించాలి. "దేవుడు నీ సేఠ్ అనుకుంటున్నవా, నచ్చేదాకా అడగనీకి? ఫో. మంగళవారం మీ ఇంట్ల కూటం ఉంది. అయ్యగారి ముందర, పెద్దాయన ముందర, నీ బిడ్డ ముందర చెప్పు. నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

చెప్పాడు. ఆ సంగతి వాడి మంచి లెక్కలో రాయాలి. మంగళవారం సాయంత్రం, ఇల్లంతా మనుషులు, పక్క షెడ్డులో మగ్గాలు ఖటాఖట్ మోగుతున్నాయి. ఆ మోతలో గొంతు పెంచి తన పాపం చెప్పుకోవాల్సి వచ్చింది వాడికి. రెండు చీటీల సంగతీ చెప్పాడు, డామన్ సంగతీ చెప్పాడు. పెద్దమ్మ, "పిచ్చోడా," అని వాడి తల నిమిరింది. అయ్యగారు కళ్లు తుడుచుకుని, వాడి కోసం ప్రార్థించారు.

అక్కడితో ఆపితే అది మా సంఘం ఎందుకవుతుంది? ఆమెన్ అనగానే గాలి తిరిగింది. మొన్న కాలాపానీ అన్న సంఘ పెద్దే ఇప్పుడు, "అయితే అండమానే. మా తోడల్లుడి అన్న ఆడనే ఉన్నడు. ఇప్పుడే ఫోన్ చేస్త. పిల్లను వాళ్ల ఇంట్లనే పెట్టుకుంటరు. ఏడికి పోతది, ఎప్పుడొస్తది, ఆరాధనకు పోతుందా లేదా, అంతా వాళ్లే చూసుకొని మనకు చెప్తరు," అన్నాడు. ఫోన్ తీసి నంబరు వెతుకుతున్నాడు కూడా.

"పెద్దనాన్నా, ఏక్ మినిట్," అంది పిల్ల.

నాలుగు రోజుల్లో ఆమె నోరు విప్పిన రెండో సందర్భం అనుకుంటాను. "నేను లక్షద్వీప్‌కే పోత."

తమ్ముడు లేచాడు. "అరే, అది మోసం చీటీ అని చెప్పిన గద బిడ్డా!"

"నాకు తెలుసు పప్పా. ఆదివారం నీ పక్కనే కూసున్న. రెండిట్ల ఒకటే రాసినవు, చూసిన."

"చూసి ఊకున్నవా?"

"నాకు గావాల్సింది అదే రాస్తున్నవ్. ఎందుకు ఆపాలె?"

నేను నెత్తి పట్టుకున్నాను. తండ్రి దేవుడికి దారి చూపించాడట, కూతురు తండ్రికి దారి ఇచ్చిందట. వీళ్లిద్దరి మధ్య మేమంతా మోకాళ్లు నొప్పులు పుట్టేదాకా ప్రార్థించాం. "ఎందుకే లక్షద్వీప్? ఏం చూసినవు దాంట్ల?" అని అరిచినట్టే అడిగాను. అడిగాక తట్టింది, ఆ మాట ఆమెను అడిగిన మొదటి మనిషిని నేనేనని. అదీ అన్నీ అయిపోయాక.

"అత్తా, నువ్వే చెప్పినవు గదా. చిన్న దీవి. ఫోన్‌ల చదివిన, ఒకటే దవాఖాన ఉంటదట. పెద్ద బీమారి అయితే హెలికాప్టర్ రావాలె. అది వచ్చేదాకా మనిషిని పట్టుకొని కూసునేది నర్సే. కడోదరాల నేను రోజంతా కాగితాలు నింపుతున్న. నర్స్ పని చెయ్యాలని ఉంది నాకు." సంఘ పెద్ద చేతిలోని ఫోన్ వంక చూసి నవ్వింది. "ఇంకోటి, సచ్చీ చెప్పాల్నా? ఆడ తెలుగోళ్లు ఉండరు."

పెద్దమ్మ పకపకా నవ్వింది. ఆ తర్వాత మరదలు నవ్వింది. సంఘ పెద్ద ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మరి ఆరాధన?" అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో ఇప్పుడు యుక్తి లేదు, భయమే ఉంది. "ఒక్కదానివి, మనోళ్లు ఎవ్వలు లేరు, మందిరం లేదు."

దానికి జవాబు నా దగ్గర ఉంది. ఆదివారం బడిలో ఎన్నిసార్లో చెప్పిన సంగతే. సువార్త చెప్పే అపొస్తలుడు ఎక్కిన ఓడ పగిలి, ఆయన తడిసి, వణుకుతూ ఒక దీవికి కొట్టుకువచ్చాడు. వానా చలీ ఉన్నాయని ఆ దీవి మనుషులు నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్నారు. వాళ్లు విశ్వాసులు కారు. ఆయన ఎవరో కూడా వాళ్లకు తెలియదు. దీవి మనుషుల గురించి లేఖనాలు ఇంత మంచిమాట చెబితే, ఆ మాట చదివే మనం ఇలా భయపడటం ఏమిటి? తమ్ముడికి ఇదంతా చెప్పాను. ఈసారి పాఠం చిన్నదిగా చెప్పాను.

పిల్ల వచ్చి వాడి ముందు కూర్చుంది. ఫోన్‌లో ఆ ఫారం తెరిచి ఉంది. "పప్పా, చీటీ లేదు, డామన్ లేదు. నీ నోటితోని చెప్పు. పొమ్మంటవా?"

పక్క షెడ్డులో ఏదో మగ్గం ఆగింది. మిగతావి మోగుతూనే ఉన్నాయి. వాడు చెవిపెట్టి విన్నాడు, ఏ మగ్గం ఆగిందో తెలుసుకోవడానికి అన్నట్టు. తర్వాత ముక్కు చీదుకుని నా వైపు తిరిగాడు.

"అక్కా, గా పర్మిట్‌కు ఏమేం కాగితాలు గావాలె? తండ్రికి కూడా ఇస్తరా?"

పిల్ల ఫారం పంపింది. ఆ క్షణం నుంచి నాకు రోజూ ఫోన్లే. ఓడ పేరేమిటి, వాంతులవుతాయా, అక్కడ పచ్చడి దొరుకుతుందా, డామన్ సాబ్‌కు అర్జీ పెడితే పర్మిట్ తొందరగా వస్తుందా. చివరి ప్రశ్న నా తమ్ముడిది. ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ అరిచాను.

ఇది చదువుతున్నవాళ్లు ఒక్క నిమిషం తల వంచితే చాలు. పిల్ల పోలీసు కాగితం ఇంకా రాలేదు, అది రావాలని నాతో కలిసి అడగండి. ఆమె ఎక్కే రోజున సముద్రం నెమ్మదిగా ఉండాలని, ఆమె దిగే దీవిలో వాన పడుతుంటే ఎవరైనా ఒక ఇంటి తలుపు తీయాలని అడగండి. నా తమ్ముడి కోసం, వాడు నిద్రపోవాలని అడగండి. ఓపిక మిగిలితే నా కోసం కూడా. ఎదుటివాళ్లకు పటం చూపించే ముందు, నీకు ఏం కావాలి అని అడిగే బుద్ధి నాకు ఇమ్మని. ఆమెన్.